పదిలో రెండు కాయలు చెట్టుకే వదిలేద్దాం

పోస్టు పెద్దగనే ఉంటది. పని ఒడిసినాక తీరుబడిగా చదవండి.

ఎండాకాలం వచ్చిందంటే మా దిక్కు అడవిలో నల్లమద్ది చెట్లు ఆకు రాలుస్తాయి. ఆకు రాలినాక ఒట్టి కొమ్మలకు వేలాడుతూ దసలి కాయలు కనిపిస్తాయి. ఇప్పపువ్వుకు పోయినవాళ్ళు, తునికాకుకు పోయినవాళ్ళు, కట్టెలకు పోయినవాళ్ళు కనిపించిన కాయను కనిపించినట్టే తెంపుకొస్తారు. పెంపకం కాయలు కాదు నేను చెప్పేది. ఎవరూ గుడ్లు పెట్టించకుండా, ఎవరూ కావలి కాయకుండా, దానంతట అది అడవిలో అయిన కాయల సంగతి. కొనేటోడు ఉన్నాడు, తెంపేటోడు తెంపుతున్నాడు. ఇందులో తప్పేముంది అంటారు.

తెంపొద్దని నేను అనను. మొత్తం తెంపొద్దు అంటున్నా. పది కాయలు కనిపిస్తే రెండు చెట్టుకే వదలండి. ఆ రెండూ చిన్నవి, పుచ్చువి కాకుండా మంచివి వదలండి. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ కాయలో పండుకున్నది ఏందో చెప్పాలి.

నేను దసలి పెంచే రైతును కాదు. మూడెకరాల చెలక, ఎకరం పొలం. పత్తి, వరి, గట్టు మీద నాలుగు కందులు. కానీ అడవి పక్క ఊరు కాబట్టి ఈ పురుగును చిన్నప్పటి నుంచి చూస్తున్నా. పెంచేవాళ్ళ దగ్గర కూర్చొని విన్నవి, దొరికిన పుస్తకాలల్ల చదివినవి కలిపి రాస్తున్నా.

పట్టు అనంగనే పట్నం వాళ్ళకు మల్బరీ ఆకు, వెదురు తట్టలు, తెల్ల పురుగులు గుర్తొస్తాయి. అది వేరే పురుగు. వేల ఏండ్ల నుంచి మనిషి ఇంట్లో పెరిగి పెరిగి ఎగరడం కూడా మరిచిపోయింది. మనిషి ఆకు వేయకుంటే అది బతకది. దసలి పురుగు అట్లా కాదు. ఇది అడవి జీవి. పెంచేవాళ్ళు కూడా దీన్ని ఇంట్లో పెంచరు, గుడ్ల నుంచి వచ్చిన పిల్లలను తీసుకపోయి చెట్టు మీదనే వదులుతారు. ఎండ, వాన, గాలి అన్నీ దానివే.

మన దేశంలో నాలుగు రకాల పట్టు ఉంది. మల్బరీ, దసలి, ఆముదం ఆకు తినే ఈరి, అస్సాం వాళ్ళ ముగా. ఈ నాలుగూ పండేది ప్రపంచంలో మన దేశం ఒక్కదాంట్లోనే. చైనా వాళ్ళకు కూడా దసలి ఉంది కానీ అది చలి ప్రాంతంలో వేరే చెట్ల మీద బతికే వేరే జాతి. మద్ది చెట్టు మీద బతికే ఈ దసలి మనది. జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్, ఒడిశా, మహారాష్ట్ర విదర్భ, ఇటు మన గోదావరి, ప్రాణహిత ఒడ్డు అడవులు దీని ఇల్లు. మంచిర్యాల జిల్లాలో చెన్నూరు, కోటపల్లి, వేమనపల్లి, ఆసిఫాబాద్ జిల్లాలో బెజ్జూరు, కౌటాల, భూపాలపల్లి జిల్లాలో మహదేవ్‌పూర్ దిక్కు వాళ్ళకు నేను కొత్తగా చెప్పేది లేదు. మహదేవ్‌పూర్ దసలి చీర పేరు మీరు వినే ఉంటారు.

ఈ పురుగును బయటి వాళ్ళు పుస్తకంలోకి ఎక్కించి కూడా చాలా ఏండ్లయింది. విలియం రాక్స్‌బర్గ్ అని ఒక స్కాట్లాండ్ డాక్టరు ఉండె. తర్వాత కలకత్తా తోటకు పెద్ద అయిండు గానీ, అంతకుముందు మన సామర్లకోటలో చాలా ఏండ్లు పని చేసి ఇక్కడి చెట్లన్నిటినీ రాసి బొమ్మలు గీయించిండు. ఆయనే 1804లో దసలి పురుగు, ఆముదం పట్టు పురుగు గురించి వివరంగా అచ్చు వేయించిండు. అప్పటికే అడవి మనుషులు ఈ కాయను వాడుకోవడం పాత ముచ్చట.

ఇప్పుడు దీని బతుకు చెప్తా. కార్తెల లెక్కన చెప్తే మనకు తొందరగా అర్థమైతది.

రోహిణి ఎండలు తగ్గి మిరుగం వానలు మొదలైతుండంగా కాయలో కదలిక మొదలైతది. అప్పటిదాకా ఆరు నెలలు ఆ కాయలో ఒక గోధుమ రంగు ముద్ద లెక్క పండుకొని ఉన్నది రెక్కల పురుగుగా మారుతది. కాయ పెంకు ఎంత గట్టిదో పట్టుకున్నవాళ్ళకు తెలుసు, వేళ్ళతో నొక్కితే నొక్కుకోదు. దానికి పళ్ళు లేవు, గోర్లు లేవు. మరి ఎట్లా బయటికొస్తది? నోటి దగ్గర నుంచి ఒక రసం వదులుతది. ఆ రసానికి కాయ కొన మెత్తబడుతది. దారాలను పక్కకు నెట్టుకుంటూ సాయంత్రం పూట బయటికొస్తది. వచ్చినప్పుడు రెక్కలు తడిసిన గుడ్డ లెక్క ముడుచుకొని ఉంటాయి. కాయనే పట్టుకొని వేలాడుతూ రెక్కలు సాపు చేసుకుంటది.

సాపు అయినాక చూడాలి దాని అందం. రెక్కలు చాపితే ఆరేడు అంగుళాలు. మగది ఎరుపు కలిసిన గోధుమ రంగు, ఆడది పసుపు రంగు. నాలుగు రెక్కల మీద నాలుగు గుండ్రటి కండ్ల లాంటి మచ్చలు. ఆ మచ్చ మధ్యలో రెక్క అద్దం లెక్క ఉంటది, అవతల ఉన్నది కనపడుతది. లైటు కాడికి వచ్చి గోడకు అతుక్కుంటే పిల్లలు భయపడతారు. పాపం అది ఎవరినీ ఏమీ అనలేదు. కరవడానికే కాదు, తినడానికి కూడా దానికి పనికొచ్చే నోరు లేదు. పురుగుగా ఉన్నప్పుడు తిన్న ఆకు బలంతోటే వారం, పది రోజులు బతుకుతది. ఆ వారంలోనే జత కట్టాలి, గుడ్లు పెట్టాలి, పోవాలి.

జత ఎట్లా దొరుకుతది అంత పెద్ద అడవిలో? ఆడది ఎక్కువ దూరం ఎగరది. తన కాయ దగ్గరనో పక్క కొమ్మ మీదనో కూర్చొని వాసన వదులుతది. మన ముక్కుకు అందని వాసన అది. మగదాని తల మీద ఈకల లాంటి రెండు మీసాలు ఉంటాయి, వాటితోటి ఆ వాసన పట్టుకొని రాత్రి పూట వెతుక్కుంటూ వస్తది. అందుకే వెనకట అడవి పక్కన ఆడదాన్ని చెట్టుకు కట్టి ఉంచి అడవి మగవి వచ్చి జత కట్టేదాకా ఆగేవాళ్ళు.

ఇక్కడ ఒక మాట గుర్తు పెట్టుకోండి, కింద మళ్ళా అవసరం పడుతది. వాసన ఎంత దూరం పోయినా, గడువు వారమే. దగ్గరలో ఇంకో కాయ ఉండాలి. అది కూడా అవే రోజులల్ల పగలాలి. అందులో ఒకటి ఆడది, ఒకటి మగది అయి ఉండాలి. అడవి మొత్తంలో అక్కడొకటి ఇక్కడొకటి మిగిలితే అవి ఒకదానికొకటి దొరకకుండానే చచ్చిపోతాయి.

జత కట్టిన ఆడది మూడు నాలుగు రాత్రులల్ల గుడ్లు పెడుతది. సుమారుగా నూటయాభై నుంచి రెండు వందల యాభై దాకా. ఎనిమిది, పది రోజులకు పిల్లలు వస్తాయి. అప్పటికి మద్ది చెట్టు లేత ఆకు మీద ఉంటది. నల్లమద్ది, ఏరుమద్ది దీనికి అసలు తిండి. మొసలి తోలు లాంటి బెరడు ఉన్నది నల్లమద్ది, వాగుల ఒడ్డున తెల్లగా నున్నగా ఉండేది ఏరుమద్ది. అవి లేనప్పుడు రేగు, చిరుమాను లాంటివి కూడా తింటది. ఉత్తరాది అడవుల్లో సాల చెట్టు మీద కూడా ఉంటది.

పిల్ల పురుగు నాలుగు సార్లు కుబుసం విడుస్తది. అంటే ఐదు దశలు. వానకాలం నెల, నెల పది రోజులల్ల పెరుగుతది, చలి పెరిగితే ఇంకా ఎక్కువ రోజులు పడుతది. తినే ఆకులో ఎక్కువ భాగం ఆఖరి దశలోనే తింటది. అప్పటికి మన మధ్యవేలి కంటే పొడవు, బొటనవేలి కంటే లావు. మద్ది ఆకు పచ్చదనమే దాని ఒంటి పచ్చదనం. పక్కల పసుపు గీత, అక్కడక్కడ వెండి చుక్కల లెక్క మెరిసే మచ్చలు. ఆకు వెనకాల అట్లనే ఆగిపోతే పక్కనున్న మనిషికి కూడా కనిపించదు. కింద రాలిన పెంటికలు చూసి పైన పురుగు ఉందని పెంచేవాళ్ళు గుర్తు పడతారు.

ఇక కాయ కట్టడం. దీని అసలు పనితనం ఇక్కడుంది. ముందు రెండు మూడు ఆకులను దారంతో దగ్గరికి లాక్కుంటది. తర్వాత కొమ్మ చుట్టూ ఒక ఉంగరం అల్లుతది. ఆ ఉంగరం నుంచి గట్టి కాడ కిందికి దించుతది. ఆ కాడకు కాయ కడుతది. ఎందుకు ఇంత కష్టం? ఆకుకు కాయ కడితే చలికాలం ఆకు రాలంగనే కాయ కూడా కింద పడుతది. నేల మీద చీమలు, చెదలు, నిప్పు. కొమ్మకు ఉంగరం వేసి కడితే ఆకు పోయినా కాయ పోదు, ఈదురు గాలికి ఊగుతది గానీ ఊడదు. చిన్న కోడిగుడ్డంత కాయలో వందల మీటర్ల దారం ఉంటది.

ఏడాదిలో ఇట్లా రెండు మూడు తరాలు నడుస్తాయి. వానకాలం కాయలు తొందరగా పగిలి మళ్ళా గుడ్లకు వస్తాయి. చలికాలం కట్టిన ఆఖరు కాయలు మాత్రం పగలవు. ముందర ఆకు లేని రోజులు వస్తాయని దానికి తెలుసు. మళ్ళా మిరుగం దాకా, ఆ ఎండలన్నీ కాయలోనే పండుకొని ఉంటది. మనం విత్తనాలు గుమ్మిలో దాచినట్టు ఆ పురుగు తనను తానే కాయలో దాచుకుంటది.

ఇప్పుడు నా మాట అర్థమై ఉంటది. ఎండాకాలం ఒట్టి కొమ్మకు కనిపించే కాయ ఆ ఏటి పంట కాదు, వచ్చే ఏటి విత్తనం. వానకాలం కాయ తెంపితే ఒక తరంలో కొంత పోతది. ఎండాకాలం కాయలన్నీ తెంపితే ఆ చోట వచ్చే ఏడు గుడ్లు పెట్టేదే ఉండది. దాపరికం లేకుండా కనిపించేది కూడా అప్పుడే. ఎంత కరువులో అయినా మన పెద్దలు విత్తనపు గింజ వండుకొని తినలేదు. విత్తనపు కుండ మీద చెయ్యి వేస్తే అవ్వ చెయ్యి మీద కొట్టేది. పొలం సంగతిలో ఉన్న ఆ తెలివి అడవి సంగతికి వచ్చేసరికి ఎటు పోయింది?

"ఒక్కోటి రెండు వందల గుడ్లు పెడుతుంది కదా, నాలుగు మిగిలినా చాలు" అని మా వాడకట్టు తమ్ముడు ఒకడు అన్నడు. మంచి ప్రశ్న. అన్ని గుడ్లు ఎందుకు పెడుతదో ఆలోచించాలి. చిన్న పిల్లలను చీమలు, కందిరీగలు ఎత్తుకపోతాయి. సూది మూతి నల్లి ఒకటుంది, పురుగును పొడిచి రసం పీల్చి తోలు వేలాడదీసి పోతది. ఊజీ ఈగ పురుగు ఒంటి మీద గుడ్డు పెడుతది, దాని పిల్ల లోపలికి దూరి తింటది. కాయ కట్టేటప్పుడు కూడా ఒక పసుపు రంగు కందిరీగ లాంటిది వచ్చి కాయలోకే తన గుడ్డు దించుతది. కాకులు, తొండలు, ఉడతలు సరేసరి. మీద నుంచి రోగాలు. పెంచేవాళ్ళు అడవిలో గుడిసె వేసుకొని నెల, నెలన్నర వడిసెల పట్టుకొని రాత్రింబవళ్ళు కావలి కాస్తేనే ఎంతో కొంత చేతికొస్తది. కావలి లేని అడవి కాయ అన్నిటినీ దాటుకొని కొమ్మ మీద మిగిలిందంటే అది మామూలు కాయ కాదు. ఎండకు, రోగానికి, ఈగకు, కాకికి తట్టుకున్న విత్తనం అది. దాన్ని తీసుకపోయి గంజులో ఉడకబెడుతున్నాం.

ఇంకొకరు "గుడ్లు సర్కారే ఇస్తుంది కదా, అడవి కాయతో పనేముంది" అన్నారు. నిజమే, చెన్నూరులో కేంద్ర పట్టు మండలి వాళ్ళ విత్తన కేంద్రం ఉంది. అక్కడ గుడ్లు పెట్టిన తల్లి పురుగును నూరి సూక్ష్మదర్శిని కింద చూసి, పెబ్రిన్ రోగం లేదని తేలినాకనే గుడ్లు ఇస్తారు. లూయీ పాశ్చర్ 1860లలో ఫ్రాన్స్‌లో పట్టు పురుగులు చస్తుంటే కనిపెట్టిన పద్ధతి అది, ఇప్పటికీ అదే నడుస్తుంది. పెంచేవాళ్ళు ఆ గుడ్లే తీసుకోవాలి, అందులో రెండో మాట లేదు.

కానీ అడవి జాతి సంగతి వేరు. దసలి అంతా ఒకటే రకం కాదు. మన దగ్గర నాటు కోడి, నాటు ఆవు ఉన్నట్టే ఒక్కో అడవికి ఒక్కో దసలి ఉంది. బస్తర్‌లో రైలీ, ఒడిశా సిమిలిపాల్‌లో మోడల్, మహారాష్ట్రలో భండారా, జార్ఖండ్ దిక్కు డాబా. మన గోదావరి అడవులది ఒకటుంది, దాన్ని పుస్తకాలల్ల 'ఆంధ్రా లోకల్' అని రాస్తారు. కాయ చిన్నగా ఉంటది గానీ పెంకు గట్టిదని పేరు. మన ఎండకు, మన మద్ది ఆకుకు అలవాటు పడ్డది. ఇప్పుడు పెంపకంలో ఎక్కువ నడిచేది డాబా, ఎందుకంటే కాయ పెద్దది, గుడ్లు ఎక్కువ. మన నాటుది తగ్గిపోతూ వస్తున్నదని చదువుకున్నవాళ్ళే రాస్తున్నారు. వరంగల్ కాకతీయ విశ్వవిద్యాలయంలో దీన్ని ఇంట్లో పెంచి నిలబెట్టొచ్చా అని పరిశోధనలు కూడా చేశారు.

రైలీ జాతి సంగతి చెప్తా. అది పూర్తిగా అడవిది. మనిషి చేతి కింద పెంచుదామంటే సరిగ్గా ఒప్పుకోదు. బస్తర్‌లో ఆ కాయ కావాలంటే అడవి ఉండాలి, అడవిలో కాయ మిగలాలి. ఇంకో దారి లేదు. అంటే కేంద్రం ఎంత బాగా పని చేసినా అడవిలో ఉన్న మూల విత్తనానికి బదులు కాదు. వరిలో కూడా ఇదే కదా మనం చూసింది. నాటు రకాలు పోయినాక, తెగులుకు తట్టుకునే గుణం ఎక్కడుందని శాస్త్రవేత్తలు మళ్ళా పాత రకాలనే వెతుక్కుంటారు. దసలికి ఆ పాత రకం గుమ్మి మన అడవే.

"పేదోళ్ళ పొట్ట మీద కొడతావా" అని కూడా అడుగుతారు. అడగాలి కూడా. ఎండాకాలం అడవికి పోయేది ఉన్నోళ్ళు కాదు. అందుకే నేను తెంపొద్దు అనలేదు, పదిలో రెండు అన్నా. ఈ రెండు అనే లెక్క నాది. మీ ఊరోళ్ళు కూర్చొని మూడు అనుకుంటే ఇంకా మంచిది. ఇంకొకటి, వదిలిన కాయ పోయిన కాయ కాదు. మిరుగం దాటినాక రెక్కల పురుగు ఎగిరిపోయిన కాయ ఆ కొమ్మకే ఉంటది. అప్పుడు తెంపుకోవచ్చు. కొన తూటు పడి ఉంటది కాబట్టి దాని నుంచి పొడవు దారం తీయరాదు, ధర తక్కువ వస్తది, ఒప్పుకుంటా. కానీ అది చెత్త కాదు. తూటు కాయలను ఉడకబెట్టి చేతితో వడికే దారాన్ని ఘీచా అంటారు, దాని గుడ్డకు వేరే గిరాకీ ఉంది. కాయలో పురుగును చంపకుండా తీసే అహింసా పట్టును జనంలోకి తెచ్చింది కూడా మన కుసుమ రాజయ్య గారే. చేనేత సంస్థ ఆప్కోలో పని చేసిన మనిషి. పురుగును చంపని పట్టు అంటే ఎక్కువ పెట్టి కొనేవాళ్ళు దేశంలోనూ బయటా ఉన్నారు. తూటు కాయకు సరైన ధర పెట్టి విడిగా కొనే ఏర్పాటు ఉంటే మన వాళ్ళు ఎవరూ చెప్పకుండానే మిరుగం దాకా ఆగుతారు. సర్కారును అడగాల్సింది అది.

"నేను వదిలితే ఇంకొకడు తెంపుకుంటాడు" అనేది ఆఖరు మాట. ఇది నిజమైన మాట. ఒక్కడు ఆగితే కాదు, ఊరు ఆగాలి. దీనికి చట్టం కూడా ఉంది. 2006 అటవీ హక్కుల చట్టంలో చిన్న తరహా అటవీ ఉత్పత్తులు ఏవేవో రాశారు. వెదురు, తేనె, లక్క, తునికాకు పక్కన దసలి, పట్టుకాయలు కూడా పేరు పెట్టి ఉన్నాయి. అంటే హక్కుదారులైన అడవి బిడ్డలు వాటిని ఏరుకోవడం, అమ్ముకోవడం ఎవరి దయా కాదు. అదే చట్టం ఐదో సెక్షనులో అడవిని, అడవి జీవాలను కాపాడే అధికారం కూడా గ్రామసభకే ఇచ్చింది. హక్కు సంగతి అందరం మాట్లాడుతాం, ఈ రెండో ముచ్చట ఎవరూ ఎత్తరు. గ్రామసభలో ఒక తీర్మానం చేసి, ఈ వాగు నుంచి ఆ గుట్ట దాకా ఉన్న మద్ది చెట్ల కాయ మిరుగం దాకా ముట్టొద్దు అని ఒక జాగ విడిచిపెడితే చాలు. అట్లా ఒకే చోట గుంపుగా వదలడమే మేలు. పైన చెప్పిన గడువు ముచ్చట ఇందుకే గుర్తు పెట్టుకోమన్నా. దగ్గర దగ్గరగా ఇరవై కాయలు ఉంటే జతలు కుదురుతాయి. ఊరంత అడవిలో చెదిరిన ఇరవై కాయలతో ఏమీ కాదు.

మంచివి వదలండి అనడానికి కూడా కారణం ఉంది. సాధారణంగా ఆడ కాయ పెద్దగా, బరువుగా ఉంటది. మనం ధర కోసం పెద్దవి తెంపి చిన్నవి వదిలితే అడవిలో మగవే మిగులుతాయి. పెద్దవి, చిన్నవి కలిపి వదలాలి.

ఇక మన చెలకల సంగతి. ఇది నాలాంటి పత్తి రైతులకు చెప్తున్నా. గట్టు మీద మద్ది చెట్టు నీడ పడుతుందని, నాలుగు సాళ్ళు దెబ్బ తింటాయని కొట్టేస్తున్నారు. నల్లమద్ది నరికితే మళ్ళా అంత కావడానికి మన జీవితం సరిపోదు. నీడ ఎక్కువైతే కింది కొమ్మలు కొట్టుకోండి, మొదలు నరకకండి. మన నాగళ్ళు, బండ్లు, ఇంటి దూలాలు ఆ కట్టెతోటే అయ్యాయి. ఇంకొకటి, గొంగళి కనిపించంగనే పంపు ఎత్తుకునే అలవాటు. దసలి పురుగు పత్తి ముట్టదు, కంది ముట్టదు, మిర్చి ముట్టదు. దురద పెట్టే బొంత పురుగు కూడా కాదు. మద్ది ఆకు తిని మద్ది మీదనే కాయ కడుతది. ఆకు కొంత పోయినా చెట్టు మళ్ళా చిగురు వేస్తది. పత్తికి మొదటి మందులు కొట్టే రోజులు, దసలి పిల్ల పురుగులు లేత ఆకు మీద ఉండే రోజులు రెండూ ఒకటే. గాలి అడవి దిక్కు తిరిగినప్పుడు కొట్టిన మందు మన పత్తి మీద సగం, మద్ది మీద సగం పడుతది. అడవి ఒడ్డు సాళ్ళకు గాలి లేని పొద్దున పూట కొట్టండి, కొట్టాల్సినంతే కొట్టండి. మందు ఖర్చు తగ్గేది మనకే.

నిప్పు సంగతి కూడా చెప్పి ముగిస్తా. ఇప్పపువ్వు ఏరడానికి చెట్టు కింద ఆకు తగలబెడతారు, తునికాకు కొత్త చిగురు కోసం తగలబెడతారు. ఆ మంట అక్కడ ఆగదు. కింద మంటకు కింది కొమ్మల కాయ లోపలనే ఉడికిపోతది. ఉంగరం వేసి, కాడ దించి, నేల నుంచి ఎంత పైకి కట్టుకున్నా మన అగ్గిపెట్టె ముందు ఆ పురుగు తెలివి సరిపోదు. ఆకు ఊడ్చి పువ్వు ఏరండి. కాస్త నడుము నొప్పి, అంతే.

నా లెక్క మళ్ళా ఒకసారి చెప్తున్నా. ఎండాకాలం అడవి కాయ పదిలో రెండు వదలండి. ఒకే జాగలో వదలండి, మంచివి వదలండి. పురుగు ఎగిరిపోయినాక ఆ తూటు కాయ తెంపుకోండి. గట్టు మీది మద్దిని ఉంచండి. నిప్పు పెట్టకండి. ఇందులో ఏ ఒక్కదానికీ పైసా పెట్టుబడి లేదు.

చెన్నూరు, బెజ్జూరు, మహదేవ్‌పూర్ దిక్కు పెంపకం చేసే అన్నలు, నేను రాసినదాంట్లో మీ అనుభవానికి తేడా వస్తే కింద రాయండి. మీ దగ్గర నాటు కాయ ఇంకా ఏ చెట్ల మీద కనిపిస్తుందో కూడా రాయండి, కానీ ఏ గుట్టనో, ఏ వాగో మాత్రం రాయకండి. చదివేవాళ్ళల్ల కొనేవాళ్ళు కూడా ఉంటారు.

ఉంటా మరి.